బాబుకి కిడ్నీ స్కాన్: ఈసీనా, డీటీపీఏనా, డీఎంఎస్ఏనా?

నాగావళి_అమ్మ
మాది శ్రీకాకుళం. బాబుకి ఏడు నెలలు. కడుపులో ఉన్నప్పుడే ఐదో నెల స్కాన్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉందన్నారు. పుట్టాక అల్ట్రాసౌండ్ తీస్తూనే ఉన్నారు. వాపు తగ్గకపోగా మొన్నటి స్కాన్‌లో ఇంకొంచెం పెరిగింది. ఇక్కడి పిల్లల డాక్టర్ గారు "ఈసీ రీనోగ్రామ్ విత్ లేసిక్స్" (మూత్రం జోరుగా వచ్చే మందు లేసిక్స్ ఇచ్చి కిడ్నీ పనితీరు చూసే స్కానట) అని రాసి విశాఖ వెళ్ళమన్నారు. ఒక సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఈసీ ఇప్పుడు లేదమ్మా, డీటీపీఏ చేసేస్తాం, రెండూ ఒకటే, రేపే రండి" అన్నారు. ఇంకో చోట "ఈసీ ఉంది కానీ వారానికి ఒక్క రోజే, వచ్చే వారం దాకా ఆగాలి" అన్నారు. మా ఆడపడుచు కూతురికి లోగడ డీఎంఎస్ఏ అని ఇంకేదో చేశారు, అదే మంచిది, అదే చేయించు అంటోంది. నాకు ఈ మూడింటికీ తేడా ఏమిటో తెలియదు. మూడూ రేడియోధార్మిక మందులేనట. పాలు తాగే పిల్లాడికి అది ఎక్కించాలంటే రాత్రి నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఆగాలా, రేపే వెళ్ళిపోవాలా?

సోంపేట_సముద్రం
ఏడు నెలల పిల్లాడికి రేడియేషన్ ఎందుకమ్మా? అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తూనే ఉంది కదా. ఇంకో డాక్టర్ని అడగండి ముందు.

గజపతినగరం_నాన్న
మా పాపకి డీఎంఎస్ఏనే చేశారు. కానీ తనకి వాపు కాదు, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. మీ బాబు విషయం వేరేలా ఉంది. మీ ఆడపడుచు గారి పాపకి కూడా ఇన్ఫెక్షనేనా అడిగి చూడండి.

గామా_గది
నేను విశాఖలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్ట్‌ని. సొంతూరు టెక్కలి. డాక్టర్ని కాను, మందు కలపడం, కెమెరా నడపడం నా పని. ఆ పనిలో తెలిసినది చెప్తాను.

రెండూ ఒకటే అన్న మాట తప్పు. మీ డాక్టర్ గారు ఈసీ అని రాశారంటే ఊరికే రాయలేదు. వారం ఆగడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. బాబుకి జ్వరం లేకపోతే, ఆ సంగతి మీ డాక్టర్ గారితో ఒక్క మాట అనుకుని, ఆగి ఈసీయే చేయించండి.

ఎందుకో చెప్తా. మూడింటిలోనూ కెమెరాకి కనిపించేది ఒకటే, టెక్నీషియం-99ఎం. అది గామా కిరణాలు విడుస్తుంది, కెమెరా వాటిని పట్టి బొమ్మ కడుతుంది. మారేది ఆ టెక్నీషియంకి తగిలించిన మందు. ఆ మందును కిడ్నీ ఏ దారిన తీసుకుంటుంది, ఎంత త్వరగా వదిలేస్తుంది అన్నదాన్ని బట్టి మనకి తెలిసే విషయం మారిపోతుంది.

డీటీపీఏ కిడ్నీలోని వడపోత, అంటే గ్లోమెరులస్, గుండా మాత్రమే మూత్రంలోకి దిగుతుంది. రక్తం ఒకసారి కిడ్నీలోంచి వెళ్తే అందులోని డీటీపీఏలో దాదాపు 20 శాతమే దిగుతుంది. మిగతాది ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. ఈసీని ట్యూబ్యూల్స్, అంటే వడపోత తర్వాత ఉండే సన్నటి గొట్టాలు, రక్తంలోంచి లాగి మూత్రంలోకి తోసేస్తాయి. ఒక్క విడతలో అలా పోయేది డీటీపీఏ కంటే రెట్టింపు పైనే. అందుకే ఈసీ బొమ్మలో కిడ్నీ స్పష్టంగా, చుట్టూ ఉన్న ఒళ్ళు పలచగా కనిపిస్తుంది.

పెద్దవాళ్ళలో, కిడ్నీలు బాగున్నప్పుడు ఈ తేడాతో పెద్దగా ఇబ్బంది లేదు, డీటీపీఏతోనూ పని జరిగిపోతుంది. కానీ పసిపిల్లల వడపోత శక్తి ఇంకా పూర్తిగా ఎదగదు. పెద్దవాళ్ళ స్థాయికి రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఆ వయసులో డీటీపీఏ పెడితే బొమ్మంతా మసకగా వస్తుంది. ఉబ్బిన కిడ్నీ ఎంత పని చేస్తోంది అని లెక్క కట్టేటప్పుడు ఆ మసకే తేడా తెస్తుంది. పసిపిల్లలకి ట్యూబ్యూల్స్ గుండా పోయే మందే వాడమని అంతర్జాతీయ గైడ్‌లైన్స్ కూడా చెప్తాయి.

డీఎంఎస్ఏ ఈ పనికి అసలు కాదు. అది కిడ్నీ పైపొరలో, అంటే కార్టెక్స్‌లో, అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు మూడు గంటలు ఆగి ఫొటో తీస్తాం. మచ్చలు ఉన్నాయా, మొత్తం పనిలో ఏ కిడ్నీ వాటా ఎంత అన్నది అందులో బాగా తెలుస్తుంది. మూత్రం కిందికి దిగుతోందా, అడ్డు ఉందా అన్నది మాత్రం తెలియదు. మీ బాబు విషయంలో తేలాల్సింది అదే కదా.

నాగావళి_అమ్మ
ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. మా ఆడపడుచుని అడిగాను, వాళ్ళ పాపకి జ్వరాలతోనేనట, గజపతినగరం_నాన్న గారు అన్నట్టే. మరి ఈసీ వారానికి ఒక్క రోజే ఎందుకు?

గామా_గది
టెక్నీషియం సగం ఆరు గంటల్లో ఖర్చయిపోతుంది. దాచి పెట్టుకునే వస్తువు కాదు. మాలిబ్డినం-99 తగ్గుతూ టెక్నీషియంగా మారుతుంది. అది ఉన్న డబ్బా, మేం జనరేటర్ అంటాం, వస్తుంది, దాన్లోంచి పొద్దున్నే సెలైన్‌తో టెక్నీషియం తీసుకుంటాం. మా వాళ్ళు దాన్ని ఆవు అంటారు, తీయడాన్ని పాలు పితకడం అంటారు. పొద్దున పితికినది ఆ రోజే వాడేయాలి. పైగా ఈసీ ఒక సీసా కలిపితే చాలామందికి సరిపోతుంది, కొన్ని గంటల్లో వాడకపోతే పారేయాలి. అందుకని ఈసీ పేషెంట్లందరినీ ఒక రోజుకి చేరుస్తారు. ఆ రోజు ఆలస్యంగా రావద్దు. శ్రీకాకుళం నుంచి రెండున్నర గంటలైనా పడుతుంది, ముందు రోజే వచ్చి ఉంటే బాబు కూడా చికాకు పడడు.

బొబ్బిలి_కెమిస్ట్రీ
ఆవు పోలిక క్లాసులో చెప్తే పిల్లలు ఇక మర్చిపోరు, తీసుకుంటున్నా. పితికినా పితకకపోయినా ఆవు కూడా తగ్గిపోతూ ఉంటుందని చేర్చాలి. మాలిబ్డినం-99 అర్ధాయువు, అంటే సగం అయిపోవడానికి పట్టే సమయం, 66 గంటలు, అందుకే జనరేటర్ వారం పది రోజులకి మించి పనికిరాదు.

టెక్నీషియం నాకు ఎంతో ఇష్టమైన మూలకం. పరమాణు సంఖ్య 43. ఆవర్తన పట్టికలో ఆ గడి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయింది. 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియర్ దాన్ని కనుక్కున్నారు. అమెరికాలో బర్క్‌లీ సైక్లోట్రాన్‌లో (కణాలను వేగంగా తిప్పి ఢీకొట్టించే యంత్రం) దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకు ఒకటి వాళ్ళకి పంపితే, అందులో దొరికింది. మనుషులు కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం అదే. అది ఇవాళ బాబు కిడ్నీ చూడడానికి పనికొస్తోంది.

సోంపేట_సముద్రం
చరిత్ర బాగుంది లెక్చరర్ గారూ, కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆరు గంటల్లో సగం పోతే మిగతా సగం ఒంట్లోనే ఉంటుంది కదా?

బొబ్బిలి_కెమిస్ట్రీ
ఆరు గంటలకి సగం, పన్నెండుకి పావు, ఇరవై నాలుగు గంటలకి పదహారో వంతు. ఇది దానంతటది తగ్గే లెక్క. ఈసీ అయితే అంతకంటే ముందే మూత్రంలో బయటికి పోతుంది. తగ్గాక మిగిలేది టెక్నీషియం-99. దాని అర్ధాయువు రెండు లక్షల ఏళ్ళ పైనే, అంటే చాలా నెమ్మదిగా కిరణాలు విడిచేది. పరిమాణం అతి స్వల్పం. దానితో ఒంటికి చేటు లేదు.

గామా_గది
సోంపేట_సముద్రం గారి భయం అర్థం చేసుకోదగ్గదే, రోజూ వింటాం. లెక్క చెప్తా. పిల్లల బరువును బట్టి మోతాదు తగ్గిస్తాం. ఇలాంటి కిడ్నీ స్కాన్ ఒకదానికి పిల్లలకి పడేది సుమారు 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్ కొలత), చాలాసార్లు అంతకంటే తక్కువే. ఎవరికైనా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సహజంగా పడేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్. పొట్ట సీటీ స్కాన్ అయితే దీనికి ఎన్నో రెట్లు. ఇక అల్ట్రాసౌండ్ ఆకారం చూపిస్తుంది. ఉబ్బి ఉన్న కిడ్నీ పని చేస్తోందా, మూత్రం దిగుతోందా అన్నది దానితో తేలదు. అడ్డు లేకుండా ఉబ్బి, వాటంతటవే సర్దుకునే కిడ్నీలు బోలెడు. అలాంటి బాబుకి అనవసరంగా ఆపరేషన్ చేయకుండా ఆపేది ఈ స్కానే.

బొబ్బిలి_కెమిస్ట్రీ
సోంపేట వాళ్ళకి ఇంకో మాట. మీకు పక్కనే, ఒడిశా వైపు ఛత్రపూర్ తీరంలో మోనజైట్ ఇసుక ఉంది. అందులో థోరియం. అక్కడ సహజంగా ఉండే రేడియేషనే మిగతా చోట్ల కంటే ఎక్కువ. అక్కడ తరతరాలుగా మనుషులు బతుకుతున్నారు.

సోంపేట_సముద్రం
లెక్కలు చెప్పారు, సరే, ఒప్పుకుంటున్నా. అవసరం ఉంటేనే చేయాలి అన్న నా మాట మీద మాత్రం నిలబడతా.

గామా_గది
ఆ మాట మీద నేనూ మీతోనే ఉన్నా.

కోట_జంక్షన్
విజయనగరం నుంచి. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, వాళ్ళ బాబుకీ ఇదే సమస్య వస్తే అక్కడ మ్యాగ్3 అని చేశారు. ఈసీ సంగతి అడిగితే అక్కడి డాక్టర్ "మా దగ్గర వాడం" అన్నాడట. అంటే ఇక్కడ మనకి రెండో రకం మందు ఇస్తున్నట్టా? పెద్ద దేశంలో లేనిది మన పిల్లల మీద ఎందుకు?

గామా_గది
అలా అనుకోవద్దు. మ్యాగ్3, ఈసీ రెండూ ట్యూబ్యూల్స్ దారినే పోయేవి. మ్యాగ్3కి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది, అక్కడ అదే స్థిరపడింది. ఈసీని బెల్జియంలోని లూవెన్‌లో తయారుచేసి 1992లో ప్రకటించారు. అమెరికాలో అనుమతి లేదు కాబట్టి అక్కడ వాడరు. యూరప్‌లో కొన్ని దేశాల్లో, మన దేశంలో బాగా వాడతారు.

ఇక రెండో రకమా అంటే, కొన్నిట్లో ఈసీదే పైచేయి. రక్తంలోంచి పోయే వేగం మ్యాగ్3 కంటే ఎక్కువ. మ్యాగ్3లో కొంత లివర్ దారిన పిత్తాశయంలోకి, పేగులోకి పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో అది ఇంకా ఎక్కువ. కుడి కిడ్నీ పక్కనే పిత్తాశయం మెరుస్తుంటే బొమ్మ చూసేవాళ్ళకి తికమక. ఈసీలో ఆ గొడవ తక్కువ. కలపడంలోనూ అంతే. మ్యాగ్3 సీసాని వేడి నీళ్ళలో మరిగించాలి, ఈసీ మామూలు గది వేడిలోనే కలుస్తుంది. ధర కూడా మ్యాగ్3కే ఎక్కువ.

మ్యాగ్3కి ఉన్న బలం అనుభవం. దాని మీద జరిగిన పరిశోధన చాలా ఎక్కువ. అది దొరికితే అది, ఈసీ దొరికితే ఈసీ. పసివాళ్ళకి ఈ రెండిట్లో ఏదైనా డీటీపీఏ కంటే మేలు.

కోట_జంక్షన్
అయితే మా అన్నయ్యకి ఇవాళ రాత్రే ఫోన్ చేసి ఈ సంగతి చెప్తా. ప్రతిదానికీ "మా అమెరికాలో" అంటాడు.

అరసవల్లి_పాతకాపు
ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో ఈసీ లేదు, మ్యాగ్3 లేదు. హిప్యూరాన్ ఉండేది, అయోడిన్-131తో చేసింది. 1960 నుంచీ వాడుకలో ఉంది. నడుం వెనక రెండు వైపులా రెండు ప్రోబులు, అంటే కిరణాలు లెక్కపెట్టే పరికరాలు, పెట్టేవారు. బొమ్మ ఉండదు, కాగితం మీద రెండు గీతలు వచ్చేవి. పైకి ఎక్కి దిగితే కిడ్నీ బాగున్నట్టు, ఎక్కి దిగకపోతే అడ్డు ఉన్నట్టు. కిడ్నీ దాన్ని లాగేసుకునే తీరు మాత్రం ఇప్పటి మందులకి ఏమీ తీసిపోదు. కాకపోతే అయోడిన్-131 అర్ధాయువు ఎనిమిది రోజులు, కిరణాలు కూడా గట్టివి. అడ్డు పడిన కిడ్నీలో అది నిలిచిపోతే ఆ కిడ్నీకి అనవసరపు మోతాదు. అందుకే చాలా కొద్దిగా ఇచ్చేవారు. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు.

గామా_గది
పాతకాపు గారూ, మ్యాగ్3, ఈసీ పుట్టిందే ఆ హిప్యూరాన్‌కి టెక్నీషియంతో బదులు కావాలని. ఇప్పటికీ కొత్త మందు వస్తే దానితోనే పోలుస్తారు.

పలాస_జీడితోట
ఈ చర్చ చదువుతుంటే నా కడుపు మండుతోంది. మాది వజ్రపుకొత్తూరు మండలం. నాన్నకి ఉద్దానం జబ్బే, మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) నాలుగు దాటింది. ఒక ఆసుపత్రిలో చూపిస్తే డీటీపీఏ స్కాన్ చేయించమన్నారు. అప్పు చేసి కారు కట్టించుకుని తీసుకెళ్ళా. రిపోర్టులో ఎడమ 8, కుడి 9, మొత్తం జీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం, 17 అని వచ్చింది. తర్వాత వేరే నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) దగ్గరికి వెళ్తే ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, "రక్త పరీక్షలో ఇదే ఉంది బాబూ, ఈ స్కాన్ వల్ల వైద్యం ఏమీ మారదు" అన్నారు. అసలు మా నాన్నకి అది అవసరమా? ఆ మందు వల్ల కిడ్నీ ఇంకా పాడై ఉంటుందా? ఉద్దానం జబ్బు ట్యూబ్యూల్స్‌ని కొడుతుంది అంటారు కదా, డీటీపీఏ బదులు ఈసీ చేసి ఉంటే ఏమైనా తెలిసేదా?

గామా_గది
ముందు మీ భయం తీరుస్తా. ఆ మందు వల్ల నాన్నగారి కిడ్నీ పాడవలేదు. సీటీ స్కాన్‌కి ఎక్కించే అయోడిన్ కాంట్రాస్ట్ వేరు, ఇది వేరు. ఇక్కడ మందు అతి సూక్ష్మ పరిమాణం, కిడ్నీకి హాని చేయదు. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళకి కూడా ఇస్తాం.

సర్జరీ_పీజీ
పిల్లల సర్జరీ చదువుతున్నా, ఇంటర్న్‌షిప్‌లో ఉద్దానం పేషెంట్లని చాలామందిని చూశా. పలాస_జీడితోట గారూ, మీరు అడిగినది తెలివైన ప్రశ్న. ఉద్దానం జబ్బులో బయాప్సీ చేసిన చోట ఎక్కువగా కనిపించింది ట్యూబ్యూల్స్, వాటి చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతినడమే. అంతమాత్రాన ఈసీ స్కాన్ చేస్తే "ఇది ఉద్దానం జబ్బు" అని తేలదు. రెండు కిడ్నీలూ సమంగా కుంచించుకుపోతున్నప్పుడు ఏ ట్రేసర్ (స్కాన్ మందు) పెట్టినా రెండూ సమంగా మందగించి కనిపిస్తాయి, అంతే. ఎందుకు దెబ్బతిన్నాయి అన్నది చెప్పే ట్రేసర్ లేదు. అల్ట్రాసౌండ్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఈ మూడూ చాలు. ఒక వైపు అడ్డు ఉందేమోనని అనుమానం వస్తేనో, ఒక కిడ్నీ మరీ చిన్నదైతేనో స్కాన్ మాట వస్తుంది.

ఉద్దానం వాళ్ళు అందరూ గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ మొదట్లో చాలా తక్కువగా పోతుంది, బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి మూత్రం పుల్ల పరీక్ష బాగుందని ఊరుకోకండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు ఉండి, ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే, మిగతావాళ్ళు ఏడాదికోసారి క్రియాటినిన్ చేయించుకోండి. ఆ పరీక్షకి అయ్యేది స్కాన్ ఖర్చులో చాలా చిన్న భాగం.

పలాస_జీడితోట
మా తమ్ముడికి ఇంకా చేయించలేదు. ఈ వారమే తీసుకెళ్తా.

సోంపేట_సముద్రం
మా ఇంట్లో మా పెద్దనాన్న పోయారు దీనితోనే. అందుకే స్కాన్లన్నా ఆసుపత్రులన్నా మాకు ఇంత కోపం, ఇంత అనుమానం. సర్జరీ_పీజీ గారూ, క్రియాటినిన్ విషయం మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా.

రాజాం_చెల్లి
నా అనుభవం ఇంకో రకం. మా అన్నయ్యకి నేనే కిడ్నీ ఇచ్చాను. నాకు డీటీపీఏ చేశారు, అది పనికిరానిది అన్నట్టు మాట్లాడకండి. నా మొత్తం జీఎఫ్ఆర్ ఎంత, ఏ కిడ్నీది ఎంత అని దానితోనే చూశారు. కొంచెం మెరుగ్గా ఉన్నది నాకు ఉంచి రెండోది అన్నయ్యకి పెట్టారు. ఇచ్చేవాళ్ళకి మంచిది మిగల్చాలి అన్నది నియమమట.

గామా_గది
మీరు చెప్పినది నూటికి నూరు పాళ్ళు నిజం. డీటీపీఏ వడపోత దారిన మాత్రమే పోతుంది కాబట్టి జీఎఫ్ఆర్ లెక్కకి అదే తగినది. ఈసీ, మ్యాగ్3 ట్యూబ్యూల్స్ గుండా పోతాయి కాబట్టి వాటితో జీఎఫ్ఆర్ చెప్పకూడదు. ఈసీ రిపోర్టులో జీఎఫ్ఆర్ అంకె ఉంటే అది ఎలా కట్టారో అడగండి.

బొబ్బిలి_కెమిస్ట్రీ
డీటీపీఏ జీఎఫ్ఆర్ కూడా అంత ఖచ్చితం కాదని చదివాను. మా బంధువుకి ఒక చోట 62, కొద్ది రోజులకే ఇంకో చోట 81 వచ్చింది. మందు అదే, మనిషి అదే.

గామా_గది
ఆ తేడా కెమెరాతో కట్టే లెక్కది. దాన్ని గేట్స్ పద్ధతి అంటారు, 1980ల మొదట్లో వచ్చింది. ఇంజెక్షన్‌కి ముందు సిరంజీలో ఎంత ఉంది, తర్వాత ఎంత మిగిలింది, రెండు మూడు నిమిషాల మధ్య కిడ్నీ ఎంత లాగింది, కిడ్నీ ఒంట్లో ఎంత లోతున ఉంది అన్నవి పెట్టి కడతాం. లోతు కూడా ఎత్తు, బరువులను బట్టి అంచనాయే. మందు నరంలోంచి కొంచెం పక్కకి కారినా లెక్క పోయినట్టే. ఖచ్చితంగా కావాలంటే డీటీపీఏ ఇచ్చాక కొన్ని గంటల్లో రక్తం నమూనాలు తీసి కట్టాలి. ఆ ఓపిక అన్ని చోట్లా లేదు. కిడ్నీ బాగా తగ్గినవాళ్ళలో అయితే గేట్స్ అంకె మీద అసలు ఆధారపడకూడదు.

రాజాం_చెల్లి
నాకు రక్తం కూడా తీశారు. గంటగంటకీ సూది గుచ్చుతుంటే విసుగేసింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సర్జరీ_పీజీ
గేట్స్ మీద మరీ అంత కఠినంగా ఉండక్కర్లేదు. మొత్తం అంకె అటూ ఇటూ అయినా, రెండు కిడ్నీల వాటా నిలకడగానే వస్తుంది. మాకు ఆపరేషన్ నిర్ణయానికి కావాల్సింది ఎక్కువగా ఆ వాటాయే.

గామా_గది
పెద్దవాళ్ళలో వాటా నిలకడ, ఒప్పుకుంటా. పసివాళ్ళలో, అందులోనూ బాగా ఉబ్బిన కిడ్నీ ఉన్నప్పుడు, డీటీపీఏతో ఆ వాటా కూడా తప్పుతుంది. చుట్టూ ఉన్న మసక ఎక్కడ గీత గీసి తీసేశాం అన్నదాన్ని బట్టే నాలుగైదు శాతం మారడం నేను చూశా. నాగావళి_అమ్మ గారి బాబుకి నాలుగు శాతం అంటే చిన్న విషయం కాదు.

సర్జరీ_పీజీ
పసివాళ్ళ విషయంలో సరే.

గజపతినగరం_నాన్న
మా పాప సంగతి పూర్తిగా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఇన్ఫెక్షన్ తగ్గిన వెంటనే డీఎంఎస్ఏ చేయించేద్దాం అని నేను తొందరపడితే డాక్టర్ గారే ఆపారు. జ్వరం ఉన్నప్పుడో, తగ్గిన కొత్తలోనో చేస్తే వాపు ఉన్న చోట కూడా మందు అతుక్కోదు, అది మచ్చలా కనిపిస్తుందట. శాశ్వతమైన మచ్చా కాదా తేలాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలన్నారు. ఆగి చేయిస్తే ఎడమ కిడ్నీ పైభాగంలో ఒక్క చిన్న మచ్చ, వాటా 47, 53. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది.

నాగావళి_అమ్మ
ఈసీకే అపాయింట్‌మెంట్ తీసుకున్నా, వచ్చే వారం. మా డాక్టర్ గారు కూడా ఆగొచ్చన్నారు. పిల్లాడు అంతసేపు కదలకుండా ఎలా ఉంటాడు? మత్తు ఇస్తారా? ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాలా?

గామా_గది
ఖాళీ కడుపు అక్కర్లేదు. అసలు కడుపు నిండా ఉండాలి. ఒంట్లో నీరు తక్కువైతే అడ్డు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. దారిలో కూడా పాలు పడుతూ ఉండండి. మత్తు సాధారణంగా ఇవ్వం. చేతికి సన్నటి క్యాన్యులా పెడతారు, ఆ నిమిషం ఏడుస్తాడు. తర్వాత స్కాన్‌కి కాస్త ముందు బాగా పాలు పట్టి, గుడ్డలో చుట్టి పడుకోబెడితే చాలామంది నిద్రపోతారు. మీరు పక్కనే కూర్చోవచ్చు. ఇష్టమైన దుప్పటి తెచ్చుకోండి.

ఇరవై నిమిషాల పైన తీస్తాం. మధ్యలోనో మొదట్లోనో లేసిక్స్ ఇస్తారు, పద్ధతి సెంటర్‌ని బట్టి. మూత్రం జోరుగా వచ్చేలా చేస్తుంది అది. అడ్డు లేకపోతే కిడ్నీలో ఉన్న మందు కొట్టుకుపోతుంది, ఉంటే నిలిచిపోతుంది. అన్నీ అయ్యాక బాబుని కాసేపు నిలువుగా ఎత్తుకుని మళ్ళీ ఒక ఫొటో తీయాలి. పడుకుని ఉన్నప్పుడు కిడ్నీలో మూత్రం చేరే ఉబ్బిన సంచిలో మూత్రం అలాగే ఉండిపోతుంది, ఎత్తుకుంటే దిగుతుంది. ఈ ఫొటో తీయకుండా పంపేస్తుంటే మీరే అడగండి.

ఆ రోజంతా డైపర్ త్వరత్వరగా మార్చండి, మార్చాక చేతులు కడుక్కోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ రోజుకి బాబుని ఎత్తుకోవద్దనండి. మీరు ఎత్తుకోవచ్చు, పాలివ్వచ్చు.

సర్జరీ_పీజీ
రిపోర్టులో రెండు అంకెలు చూడండి. ఒకటి వాటా. 45 నుంచి 55 మధ్య ఉంటే మామూలు. 40 కంటే తగ్గితే, లేదా గతం కంటే స్పష్టంగా పడిపోతే, సర్జన్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తాడు. రెండోది లేసిక్స్ తర్వాత సగం ఖాళీ అవడానికి పట్టిన సమయం. పది నిమిషాల లోపైతే అడ్డు లేనట్టు, ఇరవై దాటితే అడ్డు ఉన్నట్టు అనుకుంటారు, మధ్యలో ఉంటే తేలనట్టు. ఈ రెండో అంకె ఒక్కదాన్నే పట్టుకుని భయపడకండి. సంచి బాగా పెద్దదైతే అడ్డు లేకపోయినా నెమ్మదిగానే ఖాళీ అవుతుంది.

నాగావళి_అమ్మ
స్కాన్ అయింది. మధ్యలో లేచి ఏడుస్తాడేమో అని నా గుండె దడదడలాడింది కానీ చివరి వరకూ నిద్రపోయాడు. రిపోర్టు: ఎడమ 38, కుడి 62. సగం ఖాళీ అవడానికి ఎడమవైపు 26 నిమిషాలు. నిలువుగా ఎత్తుకుని తీసిన ఫొటోలో కూడా చాలా వరకు నిలిచే ఉంది.

సర్జరీ_పీజీ
వాటా 38, వాపు పెరుగుతూ ఉండడం, నిలువుగా ఎత్తినా దిగకపోవడం, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. సర్జన్ గారు పైలోప్లాస్టీ గురించి మాట్లాడొచ్చు. కిడ్నీ నుంచి మూత్రం దిగే దారి సన్నగా ఉన్న చోట కత్తిరించి మళ్ళీ కుట్టే ఆపరేషన్ అది. పిల్లల్లో ఎక్కువగా మంచి ఫలితమే వస్తుంది. నిర్ణయం మాత్రం బాబుని చూసిన సర్జన్ గారిదే. ఆలస్యం చేయకుండా కలవండి.

గామా_గది
రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఆపరేషన్ అయితే కొన్ని నెలలకి మళ్ళీ స్కాన్ చేస్తారు. అప్పుడు కూడా ఈసీయే చేయించండి, వీలైతే అదే సెంటర్‌లో, లేసిక్స్ కూడా అదే పద్ధతిలో ఇచ్చేలా. ఇప్పుడు ఈసీ, అప్పుడు డీటీపీఏ చేస్తే 38 కాస్తా 42 అయితే అది కిడ్నీ కోలుకోవడమా, మందు మారడమా అన్నది ఎవరూ చెప్పలేరు.

నాగావళి_అమ్మ
సర్జన్ గారి అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. సీడీ ఇవ్వలేదు, రేపు మా ఆయన వెళ్ళి తెస్తారు.

పార్వతీపురం_వాన
మధ్యలో వచ్చి అడుగుతున్నా. నాకే డీటీపీఏ రాశారు, నాకు మూడు నెలల పాప. పాలు మాన్పించాలా?

గామా_గది
మాన్పించక్కర్లేదు. డీటీపీఏ పాలలోకి చాలా కొద్దిగా వస్తుంది, గైడ్‌లైన్స్‌లో ఆపమని లేదు. చాలా సెంటర్లు జాగ్రత్త కోసం ఇంజెక్షన్ తర్వాత నాలుగు గంటల వరకు వచ్చే పాలు తీసి పారబోయమంటాయి. ఇంజెక్షన్‌కి ముందే కడుపునిండా పట్టండి, ఇంకో పూటకి సరిపడా తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పాలిస్తున్నానన్న సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

పార్వతీపురం_వాన
రేపే ఫోన్ చేసి చెప్తాను.